0డబ్ల్యూ-16 ఇంజన్ ఆయిల్ నీళ్ళలా ఉంది, 20డబ్ల్యూ-50 వేసేయమంటున్నాడు మెకానిక్. వేయొచ్చా?

గంటస్తంభం_శీను
కారు 1.2 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 2022 మోడల్, బీఎస్6. వారంటీ అయిపోయింది కదా అని ఈసారి షోరూమ్‌కి పోకుండా, కోట దగ్గర మాకు బాగా తెలిసిన షెడ్డులో ఆయిల్ మార్పిద్దామనుకున్నాను. ఆయన బానెట్ ఎత్తి ఆయిల్ క్యాప్ మీద 0డబ్ల్యూ-16 అని చూసి నవ్వాడు. "ఇది జపాన్ చలికి చేసింది బాబూ. విజయనగరం ఎండకి నీళ్ళయిపోద్ది. 20డబ్ల్యూ-50 వేయించుకో, సౌండ్ కూడా తగ్గుద్ది" అన్నాడు. మా మావయ్య గారు కూడా ఆయన పక్షమే. అంబాసిడర్ నడిపిన మనిషి, పలచటి ఆయిల్ అంటే ఆయనకి అస్సలు పడదు. షోరూమ్‌లో అడిగితే "క్యాప్ మీద ఉన్నదే వెయ్యాలి సార్" అంటారు తప్ప ఎందుకో చెప్పరు. పైగా ఈ పలచటిదే రేటు ఎక్కువ. ఎవరి మాట వినాలి?

చీపురుపల్లి_చిన్నోడు
మావయ్య, మెకానిక్ ఒకే జట్టయ్యాక ఇంక అడగడానికేముంది అన్నా. కేసు ఓడిపోయావ్.

సాలూరు_లారీ
మెకానిక్ చెప్పింది తప్పేం కాదు. మా బండ్లకి ఎప్పుడూ 15డబ్ల్యూ-40. లోడుతో సుంకి ఘాట్ ఎక్కి రాయపూర్ దాకా పోయి వస్తాయి. ఇంజన్లు లక్షల కిలోమీటర్లు తిరిగాయి, ఒక్కటీ విప్పలేదు. ఆయిల్ చిక్కగా ఉంటేనే ఇనుముకీ ఇనుముకీ మధ్య పొర నిలబడుతుంది. చేతికి పట్టుకుంటే జారిపోయేది లోపల ఏం కాపాడుతుంది?

నాగావళి_నట్టుబోల్టు
లారీ ఇంజన్‌కీ 1.2 పెట్రోల్‌కీ పోలికా బాబాయ్? మీ బండికి కంపెనీ చెప్పిందే 15డబ్ల్యూ-40. మీరూ మాన్యువల్ ప్రకారమే వేస్తున్నారు. శీనుని మాత్రం మాన్యువల్ వదిలెయ్యమంటున్నారు.

సాలూరు_లారీ
అదీ నిజమే గానీ, ఎండ ఎండే కదా.

డిప్‌స్టిక్_మాస్టారు
ఎండ దగ్గరే అందరూ తడబడుతున్నారు. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి కాస్త పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

ఆ రెండు అంకెలూ వేర్వేరు పరీక్షలు. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఇంజన్ తిరగడానికి ఆయిల్ ఎంత అడ్డుపడుతుందో చెబుతుంది. ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంఘం వారి జె300 ప్రమాణం ప్రకారం 0డబ్ల్యూని మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. వెనక ఉన్న అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. 16 రకం 6.1 నుంచి 8.2 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే కొలత) మధ్య ఉండాలి. 20 రకం 6.9 నుంచి 9.3, 30 రకం 9.3 నుంచి 12.5, 40 రకం 12.5 నుంచి 16.3, 50 రకం 16.3 నుంచి 21.9. అంటే 0డబ్ల్యూ-16కీ 20డబ్ల్యూ-50కీ వేడి మీద కూడా రెట్టింపు పైనే తేడా. ఇది ఒకటి రెండు మెట్ల వ్యవహారం కాదు.

ఇక ఎండ. మీ కారు బయట 42 డిగ్రీలున్నా, సంక్రాంతి పొద్దున 16 డిగ్రీలున్నా, కాసేపు నడిచాక కూలెంట్ 90 డిగ్రీల చుట్టుపక్కలే నిలబడుతుంది. థర్మోస్టాట్, రేడియేటర్ ఫ్యాన్ ఉన్నది అందుకే. ఆయిల్ దానికి కాస్త అటూ ఇటూగా, గట్టిగా తోలితే ఇంకొంచెం పైన ఉంటుంది. కాబట్టి విజయనగరం ఎండకి నీళ్ళయిపోతుందన్న మాటలో పస లేదు. ఆయిల్ చూసే వేడి ఇంజన్ వేడి. అది జపాన్‌లోనైనా మన ఊళ్ళోనైనా దాదాపు ఒకటే.

చీపురుపల్లి_చిన్నోడు
మాస్టారూ, మనకి మైనస్ డిగ్రీలు ఫ్రిజ్‌లోనే. అయితే ఆ 0డబ్ల్యూ మనకి దండగేగా? 20డబ్ల్యూ చాలదా?

డిప్‌స్టిక్_మాస్టారు
మంచి ప్రశ్న. మైనస్ 35 మనకి అక్కర్లేదు. కానీ పొద్దున్న మీరు తాళం తిప్పేటప్పుడు ఆయిల్ 25, 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంజన్ లెక్కలో అది చలే. బెల్లం పాకం పొయ్యి మీద ఒకలా, దించి చల్లారాక ఒకలా ఉంటుంది కదా, ఆయిలూ అంతే. 40 డిగ్రీల దగ్గర మామూలు 20డబ్ల్యూ-50 ఆయిల్ 150 సెంటీస్టోక్స్ పైమాటే. 0డబ్ల్యూ-16 నలభై లోపు. నాలుగింతల తేడా. పంపు నుంచి పైన వాల్వ్‌లు కదిపే క్యామ్‌షాఫ్ట్ దాకా ఆయిల్ చేరడానికి పట్టే ఆ కొద్ది సెకన్లలో అరుగుదల ఎక్కువ. పైగా చల్లగా, చిక్కగా ఉన్న ఆయిల్ ఫిల్టర్‌లోంచి దూరలేకపోతే బైపాస్ వాల్వ్ తెరుచుకుని వడకట్టకుండానే లోపలికి పోతుంది.

గంటస్తంభం_శీను
మాస్టారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మరి మెకానిక్ అన్న "సౌండ్ తగ్గుద్ది" సంగతి?

నాగావళి_నట్టుబోల్టు
సౌండ్ నిజంగానే కాస్త తగ్గొచ్చు. చిక్కటి ఆయిల్ చప్పుడుని మింగుతుంది. చప్పుడు తగ్గితే ఇంజన్ బాగుందని అర్థం కాదు. పాత బండి అమ్మేముందు చిక్కటి ఆయిల్ పోసి టప్పెట్ సౌండ్ దాచేస్తారని కొనేవాళ్ళందరికీ తెలుసు.

ఇంకొకటి. నీ ఇంజన్‌లో వాల్వ్ టైమింగ్ మార్చే ఏర్పాటు ఉంటుంది. అది ఆయిల్ ప్రెషర్‌తోనే, సన్నటి దారుల్లోంచి పోయే ఆయిల్‌తోనే పనిచేస్తుంది. ఆ కంట్రోల్ వాల్వ్‌ని ఫలానా పలచదనం లెక్కేసుకునే తయారుచేశారు. దాంట్లోకి 50 రకం పోస్తే పొద్దున్న స్టార్టింగ్‌లో అది మందకొడిగా కదులుతుంది. అంబాసిడర్‌లో ఇలాంటివేం లేవు. మావయ్య గారి బండికి చిక్కటి ఆయిల్ సరైనదే.

బొబ్బిలి_మల్టీగ్రేడ్
మావయ్య గారి కాలంలో మల్టీగ్రేడ్ కూడా అందరూ వాడేవారు కాదు. ఉత్త 30, ఉత్త 40 అని సింగిల్ గ్రేడ్లు. మా నాన్న ఇప్పటికీ డబ్బా మీద డబ్ల్యూ కనిపిస్తే అనుమానంగా చూస్తాడు.

రాజాం_డీజిల్
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు గనక నేను అవతలి వైపు మాట్లాడతా. కంపెనీలు పలచటి ఆయిల్ ఎంచుకోవడం ఇంజన్ మీద ప్రేమతోనే అనుకుంటున్నారా? మైలేజ్ నిబంధనల కోసం. మన దేశంలో కేఫ్ నిబంధనలు 2017-18 నుంచి ఉన్నాయి, 2022-23 నుంచి రెండో దశ ఇంకా బిగించింది. కంపెనీ అమ్మిన కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్ లెక్క తగ్గించాలి. ఆయిల్ పలచబడితే ఒకటి రెండు శాతం కలిసొస్తుంది. నీకూ నాకూ లీటరుకి పావు కిలోమీటరు తేడా తెలియదు, లక్షల కార్లు అమ్మేవాడికి అది పెద్ద సంగతి.

టయోటా మాన్యువల్స్‌లోనే 0డబ్ల్యూ-20 చెప్పిన చోట కింద ఇంకో మాట ఉంటుంది: బాగా వేగంగా గానీ బాగా బరువుతో గానీ నడిపితే ఇంకొంచెం చిక్కటి ఆయిల్ మేలు కావచ్చని. అంటే వాళ్ళకీ తెలుసు. క్యాప్ మీద రాసింది దేవుడి రాత అన్నట్టు మాట్లాడకండి.

నాగావళి_నట్టుబోల్టు
రాజాం అన్న పాయింట్ ఒప్పుకుంటా. దీన్ని కొలిచే అంకె ఒకటుంది, హెచ్‌టీహెచ్ఎస్ అంటారు. 150 డిగ్రీల వేడిలో, బేరింగ్ లోపల పడే నలుగుడులో ఆయిల్ ఎంత చిక్కగా మిగులుతుందో అది చెబుతుంది. 16 రకానికి కనీసం 2.3 ఉంటే చాలు, 20 రకానికి 2.6, 30 రకానికి 2.9. 5డబ్ల్యూ-40కి 3.5, 20డబ్ల్యూ-50కి 3.7. బేరింగ్‌లో పొర మందం దీని మీదే ఆధారపడుతుంది. కాబట్టి "పలచటిది ఎప్పుడూ మేలు" అనడం కూడా తప్పే. కానీ 0డబ్ల్యూ-16 నుంచి ఒక మెట్టు ఎక్కడం వేరు, 20డబ్ల్యూ-50కి దూకడం వేరు.

రాజాం_డీజిల్
అంతే. నేను 20డబ్ల్యూ-50 అనలేదు.

చీపురుపల్లి_చిన్నోడు
అయ్యో, కొట్టుకుంటారనుకుని టీ తెచ్చుకున్నా.

అరసవల్లి_ఆదిత్య
కొత్త ఇంజన్లలో క్లియరెన్స్, అంటే భాగాల మధ్య సందు, బాగా తక్కువ కాబట్టి చిక్కటి ఆయిల్ అసలు లోపలికి పోదంట కదా? ఒక వీడియోలో చెప్పారు.

డిప్‌స్టిక్_మాస్టారు
ఆ వీడియోలు నేనూ చూశాను. అంత సీను లేదు. బేరింగ్ క్లియరెన్స్‌లు పాత ఇంజన్లతో పోలిస్తే జనం చెప్పుకునేంతగా మారిపోలేదు. మారింది బేరింగ్‌ల పూత, షాఫ్ట్‌ల నునుపు, పిస్టన్ రింగుల బిగువు, ఆయిల్ పంపు. చిక్కటి ఆయిల్ లోపలికి పోతుంది, ఆలస్యంగా పోతుంది, తక్కువగా పోతుంది. ఆయిల్ బేరింగ్‌ని చల్లబరచాలి కూడా. ప్రవాహం తగ్గితే ఆ పని తగ్గుతుంది. ప్రెషర్ గేజిలో ముల్లు పైకెక్కితే సంబరపడేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు.

గంటస్తంభం_శీను
అందరి మాటలూ చదివి డ్యాష్‌బోర్డు డ్రాయర్‌లోంచి మాన్యువల్ బయటికి తీశాను. కవర్ కూడా చింపలేదు ఇన్నాళ్ళూ. అందులో పట్టిక ఉంది. మొదట 0డబ్ల్యూ-16, అది దొరక్కపోతే 0డబ్ల్యూ-20 లేదా 5డబ్ల్యూ-30 అని, పక్కన బయటి ఉష్ణోగ్రతల గీతలు. 20డబ్ల్యూ-50 ఎక్కడా లేదు. ఇప్పుడు ఈ మూడింట్లో ఏది?

నాగావళి_నట్టుబోల్టు
అసలు జవాబు ఆ పట్టికే. చాలామంది క్యాప్ చూసి ఆగిపోతారు. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావ్, ఎక్కడ?

గంటస్తంభం_శీను
ఊళ్ళోనే ఎక్కువ. గంటస్తంభం, ఆర్టీసీ కాంప్లెక్స్, పిల్లల స్కూలు. నెలకోసారి హైవే మీద విశాఖ. వేసవిలో ఎస్.కోట మీదుగా అరకు, కారు నిండా మనుషులు, పైన సామాను.

నాగావళి_నట్టుబోల్టు
0డబ్ల్యూ-20 వేసుకో. రేటు కాస్త దిగుతుంది, దొరకడం సులువు, అనంతగిరి ఘాట్‌కి ఒక మెట్టు ఎక్కువ పొర. 5డబ్ల్యూ-30 వేసినా తప్పులేదు, పట్టికలో ఉంది కదా.

రాజాం_డీజిల్
నేనైతే 5డబ్ల్యూ-30. ఏ షాపులోనైనా దొరుకుతుంది. పార్వతీపురం దాటాక ఎక్కడో ఆయిల్ తగ్గితే 0డబ్ల్యూ-16 డబ్బా ఎవడిస్తాడు?

బొబ్బిలి_మల్టీగ్రేడ్
తగ్గినప్పుడు టాప్ అప్‌కి వేరే గ్రేడ్ అర లీటరు పోసినా ఏమీ అవదు రాజాం గారూ. అదే ఏపీఐ స్థాయి (డబ్బా మీద ఎస్ఎన్, ఎస్పీ అని ఉండే నాణ్యత అక్షరాలు) ఉంటే చాలు. ఆయిల్ తక్కువతో నడపడం కంటే కలిసిన ఆయిల్‌తో నడపడం వెయ్యి రెట్లు నయం.

నెల్లిమర్ల_పాతబండి
నాది వేరే కథ. పాత 1.1 పెట్రోల్, ఒకటిన్నర లక్ష దాటేసింది. 5డబ్ల్యూ-30 వేస్తుంటే సర్వీసుకీ సర్వీసుకీ మధ్య లీటరు దాకా తాగేసేది, యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కితే వెనక నీలి పొగ. మాన్యువల్‌లో 10డబ్ల్యూ-40 కూడా ఉందని చూసి దానికి మారాను. తాగడం బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు, రింగులు అరిగాయి కదా. ఇంజన్ పని చేయిస్తే అయ్యే ఖర్చుకి బండి విలువే సరిపోదు కాబట్టి ఇలా నడుపుతున్నా. అరిగిన బండికి చిక్కదనం పనికొస్తుంది, కొత్త బండికి అదే మందు ముందుగా వేయడం దేనికి?

సాలూరు_లారీ
ఈ చివరి మాట నాకు నచ్చింది.

పలాస_జీడిపప్పు
అందరూ పెట్రోల్ గురించే మాట్లాడుతున్నారు. మా బావది బీఎస్6 డీజిల్ ఎస్‌యూవీ. షెడ్డులో పాత స్టాకు 15డబ్ల్యూ-40, సీఐ-4 (పాతరకం డీజిల్ ఆయిల్ స్థాయి) పోశారు. కొన్నాళ్ళకి డీపీఎఫ్ (పొగలోని మసి పట్టే ఫిల్టర్) లైట్ వచ్చింది, తర్వాత బండి పవర్ తగ్గించేసుకుని పాకడం మొదలెట్టింది. ఫిల్టర్ మార్చాలంటే చెప్పిన రేటు విని మా బావ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆయిల్ వల్లేనా?

కళింగ_కల్యాణి
నేను లూబ్రికెంట్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర స్టాకు, లెక్కలు చూస్తాను. ఈ గొడవ వారానికోసారి వింటాను. డీపీఎఫ్ ఉన్న డీజిల్‌కి 5డబ్ల్యూ-30 అని చూసి కొంటే చాలదు. డబ్బా వెనక ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) వారి సీ2, సీ3 లాంటి గుర్తు ఉందా అన్నది చూడాలి. అవి తక్కువ బూడిద ఆయిళ్ళు. సీ3లో సల్ఫేటెడ్ యాష్, అంటే ఆయిల్ కాలాక మిగిలే బూడిద, 0.8 శాతం మించకూడదు. పాతరకం ఆయిళ్ళలో దానికి దాదాపు రెట్టింపు దాకా ఉండొచ్చు.

ఫిల్టర్‌లో పట్టే మసి హైవే మీద వేడికి కాలిపోతుంది. ఆయిల్‌లోని లోహపు మందుల వల్ల వచ్చే బూడిద కాలదు. అక్కడే ఉండిపోతుంది, కొద్దికొద్దిగా ఫిల్టర్ నింపేస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్6 వచ్చాక డీజిల్ కార్లకి ఇది తప్పని విషయం. గ్రేడ్ ఒకటే అయినా లోపలి మందులు వేరు. చిక్కదనం మీద ఇంత చర్చ జరిగింది గానీ, డీజిల్‌లో అసలు దెబ్బ ఇక్కడే.

రాజాం_డీజిల్
కల్యాణి గారూ, చెప్పింది కరెక్టే గానీ ఒక్క ఆయిల్ మార్పుకే ఫిల్టర్ నిండిపోదండి. బూడిద పేరుకోవడానికి చాలా కిలోమీటర్లు పడుతుంది. పలాస వారి బావ ఎక్కడెక్కడ తిరుగుతాడో చెప్పమనండి.

పలాస_జీడిపప్పు
ఇంటి నుంచి కాశీబుగ్గ మార్కెట్‌కి, జీడి ఫ్యాక్టరీకి. అంతా మూడు నాలుగు కిలోమీటర్లే. హైవే ఎక్కేది పెళ్ళిళ్ళకే.

రాజాం_డీజిల్
దొరికింది దొంగ. ఫిల్టర్ కాల్చుకోవడానికి వేడెక్కే టైమే లేదు దానికి. మసి నిండిపోయింది. కాల్చుకునే ప్రయత్నంలో ఇంజన్ అదనంగా డీజిల్ కొడుతుంది, మధ్యలో బండి ఆపేస్తే ఆ డీజిల్ కొంత గోడల మీద నుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ చూడమనండి. ఆయిల్ తగ్గడం కాదు, పెరిగి ఉంటుంది. పెరిగితే సంతోషించకూడదు, వెంటనే మార్పించాలి. డీజిల్ కలిసిన ఆయిల్ ఏ గ్రేడైనా పలచబడిపోతుంది.

పలాస_జీడిపప్పు
చూశాం. గీత దాటి పైన ఉంది. బావకి ఫోన్ ఇచ్చి మీ పోస్ట్ చదివించాను, "ఈయనకి నా బండి ఎలా తెలుసు" అంటున్నాడు. ముందు ఆయిల్ మార్పించి, తర్వాత స్కానర్ పెట్టి బలవంతంగా కాల్పిస్తామన్నారు.

కళింగ_కల్యాణి
మార్పించేటప్పుడు సీ2నా సీ3నా అన్నది మాన్యువల్ చూసి తీసుకోండి. ఆ తర్వాత వారానికోసారైనా మడపాం టోల్ గేట్ దాకా హైవే మీద తోలమనండి.

చీపురుపల్లి_చిన్నోడు
ఆయిల్ గురించి అడిగితే టోల్ ఫీజు కూడా పడింది పాపం బావకి.

అరసవల్లి_ఆదిత్య
నాది 1.0 టర్బో పెట్రోల్. టర్బో అంటే వేడి ఎక్కువ కదా, చిక్కటి ఆయిల్ వెయ్యాలా?

డిప్‌స్టిక్_మాస్టారు
మాన్యువల్‌లో ఉన్న గ్రేడే. అయితే మీరు గ్రేడ్ కంటే ఏపీఐ అక్షరాలు ముఖ్యంగా చూసుకోవాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో తక్కువ వేగంలో గట్టిగా తొక్కినప్పుడు స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే జబ్బు ఒకటుంది, పిస్టన్ పగలగొట్టగలదు. ఆయిల్‌లో కాల్షియం మందు ఎక్కువైతే అది పెరుగుతుందని తేలింది. అందుకే 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్పీ తెచ్చారు. ఎస్పీలో టైమింగ్ చైన్ అరుగుదల పరీక్ష కూడా ఉంది. డబ్బా మీద ఎస్పీ లేకుండా ఎస్ఎల్, ఎస్ఎం అని పాత అక్షరాలుంటే టర్బోలో పొయ్యకండి. యూరప్ కంపెనీ కారైతే వాళ్ళ సొంత నంబర్లుంటాయి, ఫోక్స్‌వ్యాగన్ 508 00 అంటే 0డబ్ల్యూ-20, 504 00 అంటే ఎక్కువగా 5డబ్ల్యూ-30. అక్కడ గ్రేడ్ కంటే ఆ నంబర్ కలవడం ముఖ్యం.

అరసవల్లి_ఆదిత్య
నా డబ్బా మీద ఎస్పీనే ఉంది. హమ్మయ్య, టెన్షన్ తీరింది.

కళింగ_కల్యాణి
డబ్బా మీద ఉంటే చాలదు, డబ్బాలో కూడా ఉండాలి. డూప్లికేట్ సరుకు మన దగ్గర తక్కువేం లేదు. ఖాళీ అసలు డబ్బాలు ఎవరు ఎక్కువ రేటుకి కొంటారో ఆలోచించండి. సీల్ రింగు మీ కళ్ళముందే తెగాలి, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ చెరిపినట్టు ఉండకూడదు, క్యూఆర్ ఉంటే స్కాన్ చెయ్యండి. ఆయిల్ పోశాక ఖాళీ డబ్బాకి స్క్రూడ్రైవర్‌తో బెజ్జం పెట్టి రండి. మెకానిక్ మొహం మాడ్చుకుంటే ఆ షెడ్డుకి మళ్ళీ వెళ్ళకండి. డ్రమ్ములోంచి మగ్గుతో పోసేది మాత్రం ఎంత తెలిసినవాడైనా వద్దు.

బొబ్బిలి_మల్టీగ్రేడ్
ఈ బెజ్జం ఐడియా చాలా బాగుంది. డబ్బా ఇంటికి తెచ్చుకుంటే మా ఆవిడ అందులో మొక్క నాటుతుంది, రెండు పనులూ అవుతాయి.

గంటస్తంభం_శీను
ఆయిల్ మార్పించాను. 0డబ్ల్యూ-20, ఎస్పీ, ఫిల్టర్ కొత్తది. మూడు లీటర్ల పైచిలుకు పట్టింది. మెకానిక్ ఏమీ అనలేదు గానీ మావయ్య గారు డిప్‌స్టిక్ తీసి వేళ్ళతో రుద్ది చూసి "నీ బండి, నీ ఇష్టం" అన్నారు. ఇంక ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి? షెడ్డులో ఐదు వేలన్నారు, మాన్యువల్‌లో పదివేలు లేదా ఏడాది అని ఉంది.

నాగావళి_నట్టుబోల్టు
మాన్యువల్‌లో దాని కిందే "కఠిన పరిస్థితులు" అని ఇంకో పట్టిక ఉంటుంది చూడు. దుమ్ము, చిన్న చిన్న దూరాలు, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్. స్కూలు, కాంప్లెక్స్, గంటస్తంభం అంటే నువ్వు ఆ పట్టికలోకే వస్తావ్. పదివేలు దాకా లాగకు. కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాదికి మార్చెయ్.

నెల్లిమర్ల_పాతబండి
నల్లబడింది కదా అని మాత్రం ముందే మార్చకు. నల్లబడితే మురికి పట్టుకుంటోందని, అంటే పని చేస్తోందని. డీజిల్ అయితే పోసిన వారానికే నల్లబడుతుంది.

సాలూరు_లారీ
ఇంత చదివాక కూడా నా కొత్త బీఎస్6 బండికి కంపెనీ చెప్పిన సీకే-4 15డబ్ల్యూ-40నే పోస్తా. పాత బండ్లకి మిగిలిన సీఐ-4 డబ్బాలు ఇందులో వాడదామనుకున్నా, బూడిద సంగతి విన్నాక మానేశాను. తీసిన ఆయిల్ మాత్రం మా ఊళ్ళో వృథా పోదు. సెంట్రింగ్ పలకలకి పూయడానికి మేస్త్రీలు క్యాన్లు పట్టుకుని వచ్చేస్తారు.

కళింగ_కల్యాణి
పాత ఆయిల్ చేతులతో ముట్టుకోవద్దని చెప్పండి మేస్త్రీలకి, చర్మానికి మంచిది కాదు. ఎవరూ పట్టుకెళ్ళకపోతే రీసైక్లింగ్‌కి తీసుకునే వాళ్ళకి ఇచ్చెయ్యండి. కాలవలో పోస్తే నాగావళిలో తేలుతుంది.

చీపురుపల్లి_చిన్నోడు
అందరికీ తెలివి వచ్చింది కాబట్టి నా సందేహం. అన్న కారుకి కొన్న 0డబ్ల్యూ-20లో మిగిలింది నా 150 సీసీ బైక్‌లో పోసుకోవచ్చా? ఫ్రీగా వస్తుంది.

డిప్‌స్టిక్_మాస్టారు
పొయ్యకు నాయనా. బైక్‌లో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. కారు ఆయిల్‌లో జారుడు పెంచే మందులుంటాయి, క్లచ్ ప్లేట్లు జారతాయి. గేర్ల దగ్గర పడే నలుగుడు అదనం. డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ళ ప్రమాణం) ఎంఏ2 అని ఉన్నది కొనుక్కో, గ్రేడ్ నీ మాన్యువల్‌లో ఏముంటే అది, 10డబ్ల్యూ-30 కావచ్చు, 20డబ్ల్యూ-40 కావచ్చు.

చీపురుపల్లి_చిన్నోడు
అమ్మ స్కూటర్‌లో?

డిప్‌స్టిక్_మాస్టారు
గేర్లు లేని స్కూటర్‌లో క్లచ్ ఆయిల్‌లో ఉండదు కాబట్టి దానికి జాసో ఎంబీ. అయినా గ్రేడ్ కలవాలి, 0డబ్ల్యూ-20 అందులోనూ వద్దు. మిగిలినది మూత బిగించి డిక్కీలో పెట్టమని మీ అన్నకి చెప్పు, దారిలో టాప్ అప్‌కి పనికొస్తుంది.